అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ లేవడం లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

నెలలో రెండో మంగళవారం దాటిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. భీమవరంలో రొయ్యల మేత డీలరు ఆఫీసు, అమలాపురంలో డీటీపీ సెంటరు, తణుకు దగ్గర రైసు మిల్లు గుమాస్తా, రాజోలులో ఇంజినీరింగ్ పిల్లాడి నాన్నగారు, ఎవరు అడిగినా మాట ఒకటే. "రాత్రి బాగానే ఆపేనండి. పొద్దున్న ఆన్ చేస్తే అప్‌డేట్ అని ఏదో తిరిగిందండి. ఆ తర్వాత ఇంక లేవట్లేదండి." ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నెలవారీ విండోస్ అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ అమెరికా టైములో రెండో మంగళవారం పొద్దున విడుదల చేస్తుంది. మనకి అప్పటికి రాత్రి. అందుకే గొడవలన్నీ బుధ, గురువారాల్లో బయటపడతాయి. థియరీ ఇంతకు మించి అక్కర్లేదు.

షాపుకి తీసుకెళ్తే సాధారణంగా వినపడేది "విండోస్ పోయిందండి, ఫార్మాట్ కొట్టాలి" అనే మాట. ఫార్మాట్ కొట్టేవాళ్లకి సులువు, పూటలో తేలిపోతుంది. కష్టమంతా మీది. టాలీ లెక్కలు, అను ఫాంట్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవరు, ప్రింటరు, అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అప్‌డేట్ వల్ల ఆగిపోయిన మెషీను అయితే చాలాసార్లు ఆ ఒక్క అప్‌డేట్ తీసేస్తే సరిపోతుంది. కాబట్టి కింది వరుస తప్పకండి. ఒక మెట్టులో పని అయిపోతే అక్కడి నుంచి నేరుగా 10వ మెట్టుకి వెళ్లిపోండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఫోను. స్క్రీన్ మీద ఏ మెసేజ్ వచ్చినా వెంటనే ఫొటో తీయండి. "ఏదో బ్లూ కలర్లో ఇంగ్లీషులో వచ్చిందండి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.
- ఆ కంప్యూటర్లో వాడుతున్న మైక్రోసాఫ్ట్ అకౌంట్ మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్.
- కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి. ఫైళ్లు కాపీ చేయడానికి వేరే పెన్‌డ్రైవ్ గానీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గానీ ఇంకొకటి. రెండు పనులకీ ఒకటే వాడదామనుకోకండి, కుదరదు.
- పనిచేస్తున్న ఇంకో కంప్యూటరు, మంచి నెట్. ఫోన్ హాట్‌స్పాట్ మీద విండోస్ డౌన్‌లోడ్ పెడితే రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకులు సగంలోనే అయిపోతాయి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు ఫైబర్ నెట్ ఉన్న ఇల్లో, ఇంటర్నెట్ సెంటరో చూసుకోండి.
- ఇన్వర్టరు లేదా యూపీఎస్. మన దగ్గర గాలివాన రోజుల్లో కరెంటు సంగతి తెలిసిందే.
- డెస్క్‌టాప్ అయితే స్టార్ స్క్రూడ్రైవరు, పెన్సిల్ రబ్బరు, చిన్న బ్రష్.

1. ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

అసలు పని ఇదే. ఆన్ చేసి చేతులు కట్టుకుని చూడండి.

స్క్రీన్ మీద ఏమీ రాకపోతే, అంటే డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీ లోగో కూడా రాకుండా ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటే, లేదా బీప్‌లు కొడుతుంటే, విండోస్ అప్‌డేట్‌ని తిట్టుకోకండి. విండోస్ దాకా మెషీను రానే లేదు. ఇది హార్డ్‌వేర్. 2వ మెట్టు చూడండి.

లోగో వచ్చి కింద చుక్కలు తిరుగుతూ ఉండిపోతే, లేదా పర్సెంటేజీ కదలకపోతే 3వ మెట్టు.

బ్లూ స్క్రీన్ వచ్చి మళ్లీ రీస్టార్ట్ అవుతుంటే 4వ మెట్టు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ స్క్రీన్ నల్లగా వస్తుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే.

48 అంకెల కీ ఏదో అడుగుతుంటే 5వ మెట్టు.

పాస్‌వర్డ్ కొట్టాక నల్లటి స్క్రీన్, మధ్యలో మౌస్ బాణం మాత్రమే ఉంటే, మెషీను బూట్ అయినట్టే, అంటే విండోస్ లేచినట్టే. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే తెర మీద బొమ్మ చూపించే భాగాన్ని నడిపే ప్రోగ్రాం, రీసెట్ అవుతుంది, ఒక్కోసారి దాంతోనే తెర వచ్చేస్తుంది. రాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, "రన్ న్యూ టాస్క్"లో ఎక్స్‌ప్లోరర్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. డెస్క్‌టాప్ వస్తే ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని 8వ మెట్టుకి వెళ్లండి.

2. కరెంటు మొత్తం తీసేసి, తగిలించినవన్నీ పీకేయండి

ప్రింటరు, పెన్‌డ్రైవ్, బయోమెట్రిక్ డివైస్, డాంగిల్, ఎక్స్‌టర్నల్ డిస్క్ అన్నీ తీసేయండి. కీబోర్డు, మౌసు, మానిటరు ఉంటే చాలు. పాత పెన్‌డ్రైవ్ ఒకటి వెనక పోర్టులో మర్చిపోయి ఉంటే మెషీను దాని నుంచి బూట్ అవుదామని చూస్తూ ఉండిపోతుంది. నవ్వులాటగా ఉంటుంది గానీ, తరచూ జరిగేదే.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి, ఊడే బ్యాటరీ ఉంటే తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఛార్జర్ మాత్రం పెట్టి ఆన్ చేయండి. డెస్క్‌టాప్ అయితే గోడ దగ్గర ప్లగ్ తీసి అలాగే చేయండి.

డెస్క్‌టాప్‌లో డిస్‌ప్లే అసలు రాకపోతే క్యాబినెట్ తెరవాల్సిందే. ప్లగ్ తీసే ఉందా అని మళ్లీ ఒకసారి చూసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, ర్యామ్‌ని, అంటే నిలువుగా గుచ్చి ఉండే సన్నటి మెమరీ పలకని, రెండువైపులా క్లిప్పులు వంచి బయటికి తీయండి. అంతర్వేది, కాట్రేనికోన వైపు సముద్రం పక్క ఊళ్లలో తేమకీ ఉప్పుగాలికీ కాంటాక్టుల మీద సన్నటి మురికి పొర కడుతుంది. పసుపు రంగు గీతల్ని రబ్బరుతో మెల్లగా తుడవండి, రబ్బరు పొడి బ్రష్‌తో దులపండి, స్లాట్‌లో ఊదకండి, మన నోటి తడి ఇంకో తలనొప్పి. తిరిగి పెట్టేటప్పుడు రెండు క్లిప్పులూ టక్కుమని పడాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

మూత తెరిచే ఉంది కదా, ఇంకొకటి చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, పేరు సీఆర్2032. వాచీల షాపులో దొరుకుతుంది. రోజూ రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపేసే ఆఫీసుల్లో, నాలుగైదేళ్ల మెషీన్లలో ఇది అయిపోయి ఉంటుంది. అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచి మెషీనుని నడిపించే ప్రోగ్రాం, తన సెట్టింగులన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్లిపోతుంది. ఆన్ చేయగానే సీమాస్ ఎర్రర్ అనో, ఎఫ్1 నొక్కమనో అడుగుతుంటే, లేదా బయోస్‌లో తేదీ ఏళ్లు వెనక్కి ఉంటే, దోషం దీనిది. అప్‌డేట్ ఆ రోజే రావడం మీ ఖర్మ, అంతే.

బ్యాటరీ మార్చి, బయోస్‌లో తేదీ సరిచేయండి. ఆ తర్వాత కూడా "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తే, బయోస్‌లో సాటా మోడ్ (మెషీను డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఎక్కడుందో వెతకండి. ఏహెచ్‌సీఐ ఉంటే రెయిడ్‌కి, రెయిడ్ ఉంటే ఏహెచ్‌సీఐకి ఒకసారి మార్చి చూడండి. ఫలితం లేకపోతే ముందు ఎలా ఉందో అలాగే పెట్టేయండి. అందుకే మార్చే ముందు ఫొటో.

బయోస్‌లోకి వెళ్లే బటన్: డెల్, ఏసర్, ఆసుస్‌లకి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోకి ఎఫ్1 లేదా ఎఫ్2, అసెంబుల్డ్ మెషీన్లకి ఎక్కువగా డిలీట్. ఆన్ చేసిన వెంటనే టకటకా కొడుతూ ఉండాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి.

3. నడుస్తున్న పనిని మధ్యలో నరికేయకండి

"30 శాతం దగ్గర ఆగిపోయిందండి, పదినిమిషాలు చూసి ఆపేసేను" అంటుంటారు. నిజానికి అది ఆగిపోలేదు, మీరే ఆపారు. ఎస్‌ఎస్‌డీ (లోపల ఏమీ తిరగని కొత్త రకం డిస్క్) ఉన్న మెషీనుకి కనీసం గంట, పాత హార్డ్ డిస్క్ ఉన్నదానికి మూడు గంటలు వదిలేయండి. అప్పటికీ కదలకపోతేనే 4వ మెట్టు. నడుస్తోందో లేదో తెలియాలంటే క్యాబినెట్ ముందు ఉండే చిన్న డిస్క్ లైటు చూడండి. మిణుకుమంటుంటే పని జరుగుతోంది. ల్యాప్‌టాప్‌కి లైటు లేకపోతే, పాత డిస్క్ అయితే అరచేయి ఆనించే చోట చెవి పెట్టి వినండి, సన్నగా గిరగిర శబ్దం ఉంటుంది.

"అన్‌డూయింగ్ చేంజెస్" అని వస్తే అసలు ముట్టుకోకండి. అప్‌డేట్ కుదరలేదని విండోస్ తనంతట తానే వెనక్కి తీసుకుంటోంది. అప్పుడు కరెంటు పోతే చిన్న సమస్య పెద్దదవుతుంది. వెంటనే ఇన్వర్టర్ లైను మీదికి మార్చండి అనలేను, ప్లగ్ తీస్తే ఆగిపోతుంది కదా. అందుకే ఈ మెట్లన్నీ మొదలుపెట్టే ముందే ఇన్వర్టర్ పాయింటులో పెట్టుకోండి. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే బతుకుతున్న ల్యాప్‌టాప్ కూడా ఈ లెక్కలో డెస్క్‌టాప్ కిందకే వస్తుంది.

4. రికవరీ స్క్రీన్ తెప్పించండి

ఆన్ చేయండి. లోగో కింద చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టి ఆపేయండి. ఇలా రెండు మూడు సార్లు చేశాక "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది. అది వచ్చాక ఇంక ఆపకండి. కాసేపటికి "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" అనే బటన్‌తో నీలం స్క్రీన్ వస్తుంది, అది నొక్కి "ట్రబుల్‌షూట్", మళ్లీ "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్". మనకి కావలసిన పనిముట్లన్నీ అక్కడే.

పాస్‌వర్డ్ స్క్రీన్ వరకు వచ్చి ఆ తర్వాత పడిపోతున్న మెషీను అయితే ఇంత తంటా లేదు. కింద మూలన పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి, అదే స్క్రీన్‌కి తీసుకెళ్తుంది.

ఇక్కడ మౌసు, కీబోర్డు కదలకపోతే మీ తప్పు కాకపోవచ్చు. 2025 అక్టోబరు 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ సరిగ్గా ఇదే పని చేసింది. రికవరీ స్క్రీన్ మీద యూఎస్‌బీ కీబోర్డులు, మౌసులు పనిచేయలేదు. 20వ తేదీన మైక్రోసాఫ్ట్ దానికి విరుగుడు అప్‌డేట్ ఇచ్చింది. మీ మెషీను ఆ మధ్యలో ఆగిపోయి మూలన పడి ఉన్నదైతే, పాత గుండ్రటి పిన్ను పీఎస్2 కీబోర్డు గానీ, టచ్ స్క్రీన్ గానీ వాడండి. లేదంటే నేరుగా 9వ మెట్టులోని పెన్‌డ్రైవ్.

5. బిట్‌లాకర్ కీ అడిగితే

ఇక్కడే జనం ఎక్కువ టెన్షన్ పడతారు, వైరస్ వచ్చిందనుకుంటారు. కాదు. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంది, మెషీనులో ఏదో మారిందని అనుమానమొచ్చి తాళం చెవి అడుగుతోంది. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే మీకు తెలియకుండానే ఈ తాళం పడిపోతుంది.

కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. ఫోన్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైటు తెరిచి లాగిన్ అయి, డివైసెస్ కింద ఆ ల్యాప్‌టాప్ పేరు నొక్కి, బిట్‌లాకర్ రికవరీ కీ చూడండి. రెండు మూడు కీలు కనిపిస్తే గందరగోళం వద్దు. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి 8 అక్షరాలు దేనితో కలిస్తే ఆ కీ కొట్టండి.

చిక్కు ఎక్కడంటే, ఆ అకౌంట్ ఎవరిదో గుర్తుండదు. కొన్నరోజు షాపులో కుర్రాడు పెట్టిన మెయిల్ ఐడీ కావచ్చు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న అబ్బాయి తన ఐడీతో సెట్ చేసి ఇచ్చి ఉండొచ్చు. ముందు ఇంట్లోవాళ్లని అడగండి, తర్వాత బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లండి. కాలేజీ, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ వాళ్ల ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. కీ లేకుండా తాళం తీసి డేటా ఇస్తామని డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. కీ దొరక్కపోతే ఆ డేటా ఇక లేనట్టే.

6. రిపేరు కంటే ముందు ఫైళ్లు బయటకి తీయండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే తర్వాత ఏడుస్తారు. విండోస్ లేవకపోయినా ఫైళ్లు కాపీ చేయొచ్చు, దీనికి డబ్బు ఖర్చు లేదు.

రికవరీ స్క్రీన్‌లో "కమాండ్ ప్రాంప్ట్" నొక్కండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్, ఓపెన్ నొక్కి, కింద "టెక్స్ట్ డాక్యుమెంట్స్" అని ఉన్నచోట "ఆల్ ఫైల్స్" ఎంచుకోండి. ఇప్పుడు ఆ చిన్న కిటికీలోనే మీ డ్రైవులన్నీ కనిపిస్తాయి. యూజర్స్ ఫోల్డర్లో మీ పేరు, అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్లి పేస్ట్.

రెండు హెచ్చరికలు. ఇక్కడ డ్రైవు అక్షరాలు తారుమారవుతాయి, మీ సి డ్రైవ్ డి అని కనిపించొచ్చు. పేరు చూసి కాదు, లోపల ఏముందో చూసి నమ్మండి. రెండోది, కాపీ అవుతున్నప్పుడు పచ్చ గీత లాంటిదేమీ కనపడదు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అది కాపీ అవుతోంది. ఆగిపోయిందనుకుని మూసేయకండి. ఒకేసారి అంతా కాకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తీసుకోండి, అయ్యాక అవతల తెరిచి ఫైళ్లు వచ్చాయో లేదో చూడండి.

టాలీ వాడేవాళ్లు ఇంకొక్క సంగతి. డేటా డాక్యుమెంట్స్‌లో ఉండదు. పాత టాలీ అయితే సి డ్రైవ్‌లో టాలీ పేరుతోనే ఉన్న ఫోల్డర్లో, కొత్తదైతే యూజర్స్ లోపల పబ్లిక్ అనే ఫోల్డర్లో డేటా అని ఉంటుంది. ఎక్కడ పెట్టారో తెలియకపోతే టాలీ పేరున్న ప్రతి ఫోల్డరూ కాపీ చేసేయండి. డీటీపీ వాళ్లు పెళ్లికార్డుల పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డర్ కూడా తీసుకోండి.

7. ఆ అప్‌డేట్ తీసేయండి

"స్టార్టప్ రిపేర్" ఒకసారి కొట్టి చూడండి. ఒక్కసారే. అది కుదరలేదంటే పదిసార్లు కొట్టినా అదే చెబుతుంది.

తర్వాత "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్". అందులో రెండుంటాయి. "లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్" అంటే నెలనెలా వచ్చేది. "లేటెస్ట్ ఫీచర్ అప్‌డేట్" అంటే వెర్షన్ మారేంత పెద్దది, ఏడాదికి ఒకటి వస్తుంది. ముందు క్వాలిటీ తీయండి, రీస్టార్ట్ చేసి చూడండి. లేవకపోతే, ఈమధ్యే వెర్షన్ మారి ఉంటే, ఫీచర్ తీయండి. దీనికి గడువు 10 రోజులే, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి "వచ్చే వారం చూద్దాంలే" అని వాయిదా వేయకండి. మీ ఫైళ్లకి దీనివల్ల ఏమీ కాదు.

తీయలేకపోయానని చెబితే "సిస్టమ్ రిస్టోర్" తెరవండి. అప్‌డేట్‌కి ముందు తేదీతో ఏదైనా పాయింటు ఉంటే అది ఎంచుకోండి. ఏమీ లేకపోతే ఆ సౌకర్యం మీ మెషీనులో ఆపేసి ఉందన్నమాట, ముందుకెళ్లండి.

యూట్యూబ్‌లో చూసి నల్ల కిటికీలో వరసగా కమాండ్లు కొట్టేవాళ్లు చాలామంది. బూట్‌రెక్ కమాండ్లు కొడితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని వస్తుంది, దానికి ఇంకో వీడియో, ఆ వీడియోలో డిస్క్‌ని విభజించే, చెరిపేసే డిస్క్‌పార్ట్. అక్కడ ఒక్క అంకె తప్పు కొడితే డిస్క్ అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఏమి కొడుతున్నారో అర్థం కాకుండా ఆ కిటికీలో ఏదీ కొట్టకండి.

8. సేఫ్ మోడ్

తప్పనిసరి అయినవి తప్ప మిగతా డ్రైవర్లు, ప్రోగ్రాములు లేకుండా విండోస్‌ని లేపడమే సేఫ్ మోడ్. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో "స్టార్టప్ సెట్టింగ్స్", "రీస్టార్ట్", జాబితా వచ్చాక 4 నొక్కండి, నెట్ కావాలంటే 5. పిన్ ఒప్పుకోకపోతే అసలు అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టండి.

సేఫ్ మోడ్‌లో బాగా లేస్తోందంటే విండోస్ బాగానే ఉంది, పైనుంచి ఎక్కిన డ్రైవరో, యాంటీవైరసో దాన్ని పడగొడుతోంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి "రోల్ బ్యాక్ డ్రైవర్" ఉంటే నొక్కండి. యాంటీవైరస్ తీసేసి చూడండి. అప్‌డేట్ అనగానే మైక్రోసాఫ్ట్ మీదకే పోతాం గానీ, 2024 జూలై 19న ప్రపంచమంతటా విమానాశ్రయాలు, ఆస్పత్రులు, బ్యాంకులు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయింది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ వల్ల. దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు. విరుగుడు కూడా ఇదే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం.

సి డ్రైవ్ నిండిపోయిందేమో కూడా చూడండి. ఎరుపు గీత కనిపిస్తే అప్‌డేట్ సగంలో ఆగడానికి అదే కారణం కావచ్చు. 20 జీబీ ఖాళీ చేయండి.

విండోస్‌తో పాటు లినక్స్ వేసుకున్న ఇంజినీరింగ్ పిల్లలకి ఒక మాట. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత కొందరికి లినక్స్ లేవకుండా "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వచ్చింది. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపితే తాత్కాలికంగా లేస్తుంది, కానీ బిట్‌లాకర్ ఉంటే కీ అడుగుతుంది, ముందే రాసుకోండి. లినక్స్ అప్‌డేట్ తర్వాతే ఆగితే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి.

9. పెన్‌డ్రైవ్‌తో, చివరికి రీసెట్

రికవరీ స్క్రీన్ అసలు రాకపోతే, లేదా వచ్చినా కీబోర్డు, మౌసు పనిచేయకపోతేనే పెన్‌డ్రైవ్. ఇంకో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచే మీడియా క్రియేషన్ టూల్ దింపి, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారు చేయండి. అందులో ఉన్నదంతా పోతుంది, పిల్లల ఫొటోలు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టకండి. ఎవరో ఇచ్చిన క్రాక్ విండోస్ వాడొద్దు.

పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవో, ఏసర్‌లకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకి ఎస్కేప్. ఏసర్‌లో రాకపోతే ముందు బయోస్‌లో ఎఫ్12 బూట్ మెనూని ఎనేబుల్ చేయాలి. సెటప్ స్క్రీన్ వచ్చాక "ఇన్‌స్టాల్" వైపు చేయి పోనివ్వకండి. పాతదాంట్లో ఎడమ కింది మూలన "రిపేర్ యువర్ కంప్యూటర్", కొత్తదాంట్లో "రిపేర్ మై పీసీ" ఉంటుంది. కొత్తదాంట్లో దాని పక్కనే ఇన్‌స్టాల్ ఆప్షను, అంతా డిలీట్ అవుతుందని ఒప్పుకునే టిక్ బాక్సు ఉంటాయి. ఆ టిక్ పెట్టారా, అయిపోయింది. రిపేర్ నొక్కితే 4వ మెట్టులో చెప్పిన పనిముట్లే వస్తాయి. అక్కడి నుంచి 6, 7 మెట్లు మళ్లీ చేయండి.

ఏదీ కుదరకపోతే "రీసెట్ దిస్ పీసీ", అందులో "కీప్ మై ఫైల్స్". ఫైళ్లు ఉంటాయి, ప్రోగ్రాములు పోతాయి. పేరు చూసి మోసపోవద్దు. మీ పేరున్న ఫోల్డర్లోవి కాకుండా బయట పెట్టుకున్న డేటాకి హామీ లేదు. అందుకే 6వ మెట్టు ముందు పెట్టాను.

10. లేచింది. నిజంగా బాగుపడిందా?

డెస్క్‌టాప్ కనిపించగానే సంబరపడి ప్రింటు కొట్టడం మొదలుపెట్టకండి. రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే చాలదు, ఫాస్ట్ స్టార్టప్ ఉన్న మెషీనుకి అది పూర్తిగా ఆగడం కాదు. రీస్టార్ట్‌లో అయితే అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది.

తర్వాత స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మిన్ టెర్మినల్ తెరిచి, ఎస్ఎఫ్‌సీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, దాని వెంటనే స్కాన్‌నౌ. ఈ కమాండ్ మాత్రం భయం లేకుండా కొట్టొచ్చు. "డిడ్ నాట్ ఫైండ్ ఎనీ" అని వస్తే ఏ తప్పూ లేదు. "సక్సెస్‌ఫుల్లీ రిపేర్డ్" వస్తే రీస్టార్ట్ చేసి మళ్లీ ఒకసారి కొట్టండి. "అనేబుల్ టు ఫిక్స్" వస్తే, విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీకి వెళ్లి "ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్" నొక్కండి. ప్రోగ్రాములు, ఫైళ్లు పోకుండా విండోస్‌ని మళ్లీ వేస్తుంది. నెట్ బాగా ఉన్న చోట పెట్టుకోండి.

సెర్చ్‌లో రిలయబిలిటీ అని కొడితే తేదీల వారీగా పట్టిక వస్తుంది, ఎర్ర గుర్తులు ఏ రోజు మొదలయ్యాయో చూడండి. అప్‌డేట్ రోజు నుంచే ఉంటే దోషం దానిదే. వారం పది రోజుల ముందు నుంచే ఉంటే డిస్క్ పోతోందేమో చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి, "కాషన్" అని పసుపు రంగులో చూపిస్తే ఆ డిస్క్ మీద ఇంక నమ్మకం పెట్టుకోకండి, రిపేర్లు ఆపి డిస్క్ మార్చండి.

తీసేసిన అప్‌డేట్ ఆ రాత్రే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లో "పాజ్" నొక్కి రెండు మూడు వారాలు ఆపండి. శాశ్వతంగా ఆపే చిట్కాలు దొరుకుతాయి, నేను వద్దంటాను. బ్యాంకు లావాదేవీలు చేసే మెషీనుకి అది మంచిది కాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు ఈ పని అయ్యాక ఆ సంగతి కూడా చూసుకోండి.

షాపుకి ఇవ్వక తప్పకపోతే

ఏ మెట్టు వరకు చేశారో, ఏ మెసేజ్ వచ్చిందో కాగితం మీద రాసి మెషీనుకి అంటించి ఇవ్వండి. "నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయొద్దు" అని అందులోనే రాయండి, నోటితో చెప్పింది సాయంత్రానికి మర్చిపోతారు. డేటా బయటికి తీశారో లేదో చెప్పండి. బిట్‌లాకర్ కీ అవసరమైతే దగ్గరుండి మీరే కొట్టండి. డిస్క్ మార్చాలని అంటే కొత్తదాని ధరతో పాటు పాతది తిరిగి ఇస్తారా అని ముందే అడగండి. వాళ్లు మెషీను తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పాత డిస్క్ అడిగి తీసుకుని ఇంటికి తెచ్చుకోండి.